నాయనమ్మ తొలి కాన్పు

మా నాన్న చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం నాకు తేలిక. చెడ్డవాడు కాని మనిషి కూడా ఓట్ల గాలి సోకితే ఎంత చేదుగా తయారవుతాడో కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. ఆ చేదులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి నా మీద నాకూ కోపమే.

మెర్డేకా, అంటే మలయా దేశానికి స్వాతంత్ర్యం, ఇంకా రెండేళ్ళ దూరంలో ఉంది. మాది సుంగై సుమున్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేట్. అడవుల్లో కమ్యూనిస్టులూ రోడ్ల మీద సోల్జర్లూ తిరిగే ఎమర్జెన్సీ రోజులవి. కూలీల గదుల వరసలైన లైన్ల చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సోదా, చీకటి పడితే కర్ఫ్యూ. అడవిలోవాళ్ళకి తిండి చేరుతుందని, గుప్పెడు బియ్యం మూటగట్టుకుని కంచె దాటితే లాకప్పే. అలాంటి కాలంలో దేశానికి మొదటిసారి ఓట్లు పెడుతున్నారని కబురొచ్చింది. మా వైపు ఒక సీటు ఇండియన్ల పార్టీకి ఇస్తారట. ఎవరిని నిలబెట్టాలో మా బ్రాంచి మెంబర్లే చేతులెత్తి తేల్చి, ఆ పేరు పైకి పంపాలి. ఆ టిక్కెట్టు కోసం ఇద్దరు లేచారు. ఒకరు మా నాన్న, రెండోవాడు గేటు బయట సామాన్ల కొట్టు నడిపే షావుకారు.

నాన్న ఎస్టేట్ ఆఫీసులో గుమస్తా. మా దేశంలో ఆ ఉద్యోగాన్ని కిరాణీ అంటారు. తెలుగు కూలీల బిడ్డల్లో కిరాణీ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి ఆయనే. మా నాయనమ్మ మొగుడి వెంట ఓడెక్కి వచ్చి, ఏడాది తిరక్కుండానే జ్వరానికి ఆ మొగుణ్ణి పోగొట్టుకుని, గడ్డి పీకే గ్యాంగులో నడుం విరగ్గొట్టుకుని ఆయన్ని చదివించింది. నాన్న లైన్ల యాస వదిలేశాడు, బూట్లు తొడిగాడు, కిరాణీ క్వార్టర్సులోకి మారాడు. నాయనమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వక్కాకు సంచీ పట్టుకుని పాత లైన్లకే పోయేది.

షావుకారు మీసాలొచ్చాక ఓడ దిగినవాడు. నాయనమ్మ పుట్టిన ఊరికి పక్క ఊరు ఆయనది. నోరు మంచిది, తూకం మంచిది కాదు.

ఇద్దరికీ గొడవ దేని మీదంటే ఓడల మీద. అప్పటికే ఇండియా నుంచి కొత్తవాళ్ళు రావడానికి సగం తలుపు మూశారు. ఇక్కడున్న వాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ మాత్రం ఇంకా వస్తున్నారు. అదీ కుదరదంటారని పుకారు. షావుకారు ఊరూరా తిరిగి, "పెళ్ళాన్ని రానివ్వని దేశం ఏటి దేశం? తమ్ముళ్ళనీ రానివ్వాల, బావమరుదుల్నీ రానివ్వాల" అనేవాడు. లైన్లలో సగంమంది చప్పట్లు కొట్టేవాళ్ళు, ఎవరికి వాళ్ళకి అవతల ఒక మనిషి ఉన్నాడు మరి. నాన్న మాట దానికి పూర్తిగా ఎదురు. "రేవుకి ఓడ వస్తున్నన్నాళ్ళూ మనల్ని ఇక్కడివాళ్ళు చుట్టాలనే అంటారు. రేపు తెల్లదొర పోతాడు. అప్పుడు మనమెవరమని అడిగితే ఈ నేల మీద పుట్టామని చెప్పగలగాలి. తలుపు పూర్తిగా మూసెయ్యమని మనమే ముందు అడగాలి" అనేవాడు. ఆయన భయం అబద్ధం కాదు. కానీ భయపడ్డవాడి నోట్లోంచి వచ్చే మాటకి కనికరం ఉండదు.

నాకు పంతొమ్మిదేళ్ళు, ఎస్టేట్ తెలుగు బడిలో టీచర్ని. నాన్న కరపత్రాలు నేనే రాసేదాన్ని. ఒక సాయంత్రం నాకో వాక్యం తట్టింది: "ఓడ దిగినవాడు చుట్టం, ఈ ఒడిలో పుట్టినవాడు బిడ్డ." నాన్న పొంగిపోయాడు. కొబ్బరి షెడ్డు గోడ మీదా, బడి తలుపు మీదా, కల్లు దుకాణం ముందూ అదే అతికించారు. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు అమ్మ వంటింట్లో ఆ కాగితం చదివింది. నాకు అక్షరాలు దిద్దించింది అమ్మే. ఆమె భీమిలి దగ్గర పల్లెనుంచి పెళ్ళికూతురుగా ఓడెక్కి, ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్న రేవులో దిగింది. అంతేకాదు. మా మనుషుల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, మధ్యలో సముద్రం ఉన్నా సరే. పుట్టింటివాళ్ళు కబురు పెడితే ఏడో నెల రాకముందే ఓడెక్కి వెళ్ళి, కని, బిడ్డతో తిరిగొస్తారు. అలా వెళ్ళలేని ఆడదాన్ని చూసి లైన్లో అందరూ అయ్యో అంటారు, ఆ అయ్యో తిట్టుకన్నా ఘోరం. నేను అమ్మకి తొలి కాన్పుని.

అమ్మ ఆ కాగితం మడిచి కుండ కింద పెట్టి నావైపు తిరిగింది.

"ఇది రాసిందానికి, పుట్టిన అయిదో నెలలో, తిరిగొచ్చిన ఓడలో ఒకటే డోకులు. నా చీరలన్నీ పాడుసేసింది. అది బిడ్డటా, సుట్టమటా?"

హాల్లోంచి నాన్న అందుకున్నాడు. "దానికేం భయం లేదు. తండ్రి ఇక్కడ పుట్టినవాడైతే చాలు, బిడ్డకి అదే వర్తిస్తుంది."

"మరి నా సంగతేటి?"

నాన్న పేపరు తిరగేశాడు. అమ్మ "ఏరు దాటినాక తెప్ప తగలేసినట్టుంది" అని, ఇక ఆయనతో మాట్లాడటం మానేసింది. ఒక పూట కాదు, ఒక వారం కాదు. "మీ నాన్నకి సెప్పు, అన్నం సల్లారిపోతంది." "మీ నాన్ననడుగు, కొట్టుకి ఎవులెల్తారు?" నాన్న పక్కనే కూర్చుని ఉండేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చకి ముందు బయల్దేరాడు.

నా వాక్యం నా చేయి దాటిపోయింది. బడిలో పిల్లలు ఓడజట్టు, ఒడిజట్టు అని విడిపోయారు. రెండో తరగతి పిల్ల ఒకతి పక్కదాని జడ పట్టి లాగి, "మీ అమ్మ ఓడది" అని అరిచింది. కొబ్బరి ఒలిచే గ్యాంగులో ఇద్దరు బావమరుదులు ఒకరి నెత్తి ఒకరు పగలగొట్టుకుని ఒకే లారీలో ఆస్పత్రికి వెళ్ళారు. షావుకారు కొట్టు తలుపు మీద ఎవరో తారుతో "ఓడెక్కు" అని రాశారు. దానికి జవాబుగా మా వాకిట్లో చచ్చిన పాముని పడేశారు. నాన్న ఆ పాముని కర్రతో తీసి కాలవలో పారేసి, ఏమీ కానట్టు స్నానం చేసి ఆఫీసుకి పోయాడు. ఆయన గెలవాలి, అంతే. కూలీ కొడుకు కౌన్సిల్లో కూర్చోవాలి. అది తప్ప ఆయన కళ్ళకి ఏమీ కనబడలేదు.

బ్రాంచి మీటింగు ఒక ఆదివారం మధ్యాహ్నం మా బడిలోనే పెట్టారు, కర్ఫ్యూ లోపల ముగిసేలా. పిల్లల బల్లల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. అధ్యక్షుడు ఎస్టేట్ ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సరు, తమిళాయన, మెత్తటి మనిషి. ఆడవాళ్ళంతా వరండాలో కిటికీల దగ్గర చేరారు. నాయనమ్మ ముందు వరసలో, ఆవిడ వెనక అమ్మ, పక్కన నేను.

నాన్న ముందు మాట్లాడాడు. ఈ మట్టి, ఈ నీళ్ళు, ఈ చెట్లు అని మొదలుపెట్టి నా వాక్యంతో ముగించాడు. సగం గది లేచి అరిచింది. మిగతా సగం బల్లలు బాదింది. "పోదుం, పోదుం" అని తమిళంలో, "చాలు" అని తెలుగులో డ్రెస్సరు చేతులూపుతున్నాడు, ఎవరికి కావాలి?

షావుకారు లేచాడు. కేకలన్నీ అయ్యేదాకా ఆగాడు.

"కిరాణీగారు ఇక్కడ పుట్టినారంట. మంచిది. పుట్టిన కాయితం సూపించమనండి."

"జపానువాళ్ళ కాలంలో ఆఫీసు తగలబడితే కాగితాలన్నీ పోయాయని నీకూ తెలుసు" అన్నాడు నాన్న. "నా ఐసీ, గుర్తింపు కార్డు, చూసుకో."

"ఐసీ నాకూ ఉంది, ఓడ దిగినోన్ని. ఐసీలో ఏటుంది, మనం సెప్పిందే రాసినారు." షావుకారు నవ్వాడు. "పుట్టిల్లు మేనమామకెరుకంటారు. కిరాణీగారి మేనమామలు ఈ దేశంలో నేరు. కన్నతల్లి ఉంది గదా, అడుగుదాం." అని కిటికీ వైపు తిరిగి చేతులు జోడించాడు. "పిన్నీ, నాను మీ పక్కూరోన్ని, నీ బిడ్డ లాటోన్ని. నీ తొలికాన్పు ఎక్కడయ్యింది? పుట్టింటోళ్ళు కబురెట్టి తీసుకెల్లినారా? నేకపోతే ఎవులూ పిలవక ఈ లైన్లోనే కన్నావా?"

నాన్న గెలిచినట్టే నవ్వాడు. ఎందుకు నవ్వడు? లైను గదిలో, మేస్త్రీ ఇంటి పక్కన, వానలో పుట్టావురా అని నాయనమ్మ ఆయనకి వందసార్లు చెప్పింది. నేను కూడా విన్నాను. "చెప్పమ్మా, అందరికీ వినబడేలా చెప్పు" అన్నాడు నాన్న.

షావుకారు ఏం చేశాడో మగాళ్ళకి అర్థం కాలేదు, వరండాలో ఆడవాళ్ళకి వెంటనే అర్థమయింది. లైన్ల ఆడవాళ్ళందరి కళ్ళూ నాయనమ్మ మీదే. నలభై ఏళ్ళుగా తన అన్నల గురించి, వాళ్ళ అరుగుల గురించి, తన పుట్టింటి పాడి గురించి ఆవిడ చెబుతుంటే విన్నవాళ్ళే అందరూ.

నాయనమ్మ వక్కాకు ఉమ్మి లేచి నిలబడింది.

"పిలవకేటి? మాయన్నలు నలుగురూ రేవుకొచ్చినారు. బండి కట్టి తీసుకెల్లినారు. పుట్టింట్లోనే కన్నాను, పదోనాడు ఊరందరికీ బోజనాలెట్టినారు. ఏటనుకుంటున్నావు, నాకు పుట్టిల్లు నేదనుకుంటున్నావేటి?"

ఆడవాళ్ళు తృప్తిగా తలలూపారు. లోపల గది పెట్రోలు మీద అగ్గిపుల్ల పడ్డట్టు లేచింది. "ఓడ! ఓడ! కిరాణీ ఓడ!" ఎవరో బల్ల ఎత్తి కొట్టారు. నాన్న "అమ్మా" అన్నాడు, రెండోసారి ఇంకా గట్టిగా "అమ్మా" అన్నాడు. ఆవిడ మళ్ళీ కూర్చుని సంచీలో సున్నం కాయ వెతుక్కుంటోంది. చేతులెత్తమన్నారు. నాన్నకి లేచిన చేతుల్ని ఒక్కచూపులో లెక్కపెట్టెయ్యొచ్చు. వెనక బల్ల మీద మా పక్కింటాయన కూడా చెయ్యి దించేసుకున్నాడు. షావుకారు వచ్చి నాయనమ్మ కాళ్ళకి దండం పెట్టాడు.

ఇంటికొచ్చాక నాన్న తలుపు వేశాడు. అంత కోపం ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

"ఎందుకబద్ధం చెప్పావు? నా గొంతు కోశావు. కడుపున పుట్టినవాడి గొంతు కోసే తల్లి ఉంటుందా?"

నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ దాచిన మాట, ఇక దాచి లాభం లేదనుకుందేమో.

"నువ్వు కడుపున పడ్డప్పుడు మాయన్నలకి ఉత్తరం రాయించినాను. జవాబొచ్చింది. ఓడెక్కినదానికి పురుడేటి, అది సచ్చినట్టే లెక్క అని రాసినారు. లైన్లో పక్కగది తమిళక్క నీ బొడ్డు కోసింది. ఈ మాట ఆ మందలో సెప్పమంటావా? రేపు నాను ఏ మొకమెట్టుకుని లైన్లకెల్తాను?"

"అయితే నా బతుకు పోయినా సరేనా?"

"నీకు సీటు పోయినాది, నాకు పరువు మిగిలినాది." ఆవిడ గొంతు పెరిగింది. "ఓడ దిగినోల్లు పనికిరారని నువ్వు ఊరంతా సాటించినావు. ఓడెక్కినదాన్నని నన్ను మాయన్నలు ఎల్లగొట్టినారు. ఆలకీ నీకూ తేడా ఏటిరా? సెప్పు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ మొహంలో జాలి ఉందేమోనని చూశాను. లేదు.

టిక్కెట్టు షావుకారుదయింది, సీటూ ఆయనదే అయింది. గెలిచాక ఓడల మాట మళ్ళీ ఎత్తలేదు. తలుపు ఇంకొంచెం మూసుకుంటున్నప్పుడు ఆయన కౌన్సిల్లో ఏం చేశాడని ఎవరో అడిగితే, కునుకు తీశాడన్నారు. నాకు ఇద్దరి మీదా ఒకటే అసహ్యం.

రెండేళ్ళు గడిచాయి. మెర్డేకా వచ్చింది. ఆఫీసు రేడియో చుట్టూ చేరి ఓడజట్టూ ఒడిజట్టూ కలిసే అరిచాం, ఆ ఒక్కపూటకి. తర్వాత పౌరసత్వం కాగితాలు వచ్చాయి. తెలుక్ ఆన్సన్ టౌనులోని ఆఫీసులో ఇవ్వాలి. ఇంగ్లీషు ఫారాలు నింపగలవాడు మా లైన్లకి ఒక్కడే, మా నాన్న. ఎవరిని చుట్టాలన్నాడో వాళ్ళంతా మా వరండాలో బారులు తీరారు. ఆయన తలెత్తకుండా ఒక్కొక్కరినీ అడిగేవాడు: పేరు, ఊరు, వచ్చిన ఓడ. వాళ్ళు గట్టిగా చెప్పేవాళ్ళు, ఓడ పేరు మరీ గట్టిగా.

ఇక ఆయన కాగితం మిగిలింది. ఇక్కడే పుట్టానని రాయాలంటే మేజిస్ట్రేటు ముందు సాక్షి కావాలి. ఆ తమిళక్కా, ఆనాటి పక్కగదులవాళ్ళూ పోయాక ఆ సంగతి ఎరిగిన ప్రాణి లోకంలో ఒక్కతే, నాయనమ్మ. నాన్న మూడుసార్లు అడిగాడు. "కాయితమ్మీద ఏలుముద్దరెయ్యను. కాయితానికి కాళ్ళుంటాయి, మా ఊరెల్తాది" అంది నాయనమ్మ. మూడోసారి ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు కూడా. ఆవిడ ఆయన తల నిమిరింది కానీ వేలు ఇవ్వలేదు. పైగా మీటింగులో ఆ మాట ఊరంతా విన్నది. ఇప్పుడు వేరేగా రాస్తే షావుకారు మనుషులు ఊరుకోరు.

చివరికి నాన్న ఫారంలో పుట్టిన చోటు అన్న దగ్గర ఇండియా అని రాశాడు. ఆ ఒక్క మాట రాయడానికి ఆయనకి ఒక పూట పట్టింది. తర్వాతి గడి చూసి కలం ఆపేశాడు. వచ్చిన ఓడ పేరు. ఏ గడి ఖాళీగా ఉన్నా కాగితం తిరిగొస్తుందని ఊరందరికీ చెప్పింది ఆయనే.

నా ఫారం పొద్దున్నే నింపుకుని పక్కన పెట్టుకున్నాను.

"నువ్వు ఏ ఓడ రాశావు?" అన్నాడు.

నేను నా కాగితం తిరగేసి దాని మీద చెయ్యి పెట్టాను. "అమ్మ చెప్పిందే రాశాను. మీరూ అమ్మనే అడగండి."

"నువ్వే అడిగి చెప్పరాదూ?"

"నేను అడగను."

నాన్న బూట్లు విప్పి, ఫారం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఆయన గొంతు సవరించుకుని, ఎప్పుడో వదిలేసిన లైన్ల యాసలో అడిగాడు.

"ఏమే, నువ్వొచ్చిన ఓడ పేరేటి?"

అమ్మ చెయ్యి ఆగింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆయన మొహం చూసి మాట్లాడింది. ఓడ పేరు చెప్పింది. అక్షరం అక్షరం విడదీసి, నాకు చిన్నప్పుడు గుణింతం చెప్పినట్టు చెప్పింది. ఆయన గుమ్మానికి కాగితం ఆనించి రాసుకున్నాడు.

"డెక్కు మీద వొచ్చినామని కూడా రాసుకోండి" అంది అమ్మ. మళ్ళీ చేట వైపు తలొంచుకుంది. "అయినా ఆ ఓడలో మిమ్మల్ని నాను ఎక్కడా సూళ్ళేదే."

నాన్న సంతకం చేసి, తేదీ వేసి, సిరా ఆరేదాకా కాగితం పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు.